ఒక్క జీతం మీద నిలబడే ఇల్లే కొనండి

అమ్మా, బ్యాంకు 46 లక్షలు ఇస్తానన్నంత మాత్రాన ఆ ఇల్లు మీ స్థోమతలో ఉన్నట్టు అనుకోకండి. వరంగల్, కరీంనగర్ శాఖల్లో గృహరుణాల బల్ల దగ్గరే నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం గడిచింది. రుణం మంజూరు చేసేటప్పుడు మేం చూసేది ఇద్దరి జీతాలూ కలిపి అందులో ఎంత భాగం కిస్తీకి పోతుందని. సుమారు సగం దాకా పోయినా ఫైలు ముందుకు కదులుతుంది. ఆ మిగిలిన సగంతో మీ ఇల్లు ఎలా గడుస్తుందో బ్యాంకు అడగదు.

మీరు ఉత్తరంలో రాసినవన్నీ ముందు ఒకచోట పెడతాను. మీ వారి జీతం 62 వేలు, ప్రైవేటు ఆసుపత్రిలో మీ జీతం 34 వేలు. మూడేళ్ల పాప, ఇంకొకరు కావాలన్న ఆలోచన. గోపాల్‌పూర్‌లో 11 వేల అద్దె. భీమారంలో 58 లక్షల ఇండిపెండెంట్ ఇల్లు నచ్చింది. అలాంటి ఇల్లే పక్క వీధిలో 13 వేలకు అద్దెకు ఉంది. చేతిలో 9 లక్షలు, మీ నాన్నగారు ఇస్తానన్న 5 లక్షలు, నెలకు 10 వేలు కట్టే చిట్టీ, మీ 12 తులాల బంగారం. నర్సంపేటలో ఉన్న మీ అత్తగారికి నెలనెలా 8 వేలు వెళ్తాయి, దాని మీద ఇంట్లో మాటా మాటా వస్తోంది. మీరు అడిగినవి మూడు: కొనాలా, ఎవరి పేరు మీద కొనాలి, బంగారం పెట్టాలా.

లెక్క మొదలుపెడదాం. 30 లక్షలు దాటి 75 లక్షల లోపు రుణమైతే ఇంటి విలువలో 80 శాతానికి మించి బ్యాంకు ఇవ్వకూడదన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. అంటే 58 లక్షల ఇంటికి మీ చేతి నుంచి 11 లక్షల 60 వేలు పెట్టాలి. రిజిస్ట్రేషన్ ఖర్చును బ్యాంకు ఇంటి విలువలో కలపదు. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి ఏడున్నర శాతం, ఆ లెక్కన 4 లక్షల 35 వేలు. మొత్తం 16 లక్షలకు కొంచెం తక్కువ. మీ దగ్గర ఉన్నది, నాన్నగారిది కలిపి 14 లక్షలు. గడప దాటకముందే 2 లక్షలు తక్కువ పడుతున్నాయి.

గడప దాటాక ఖర్చు వేరే. వంటింటి అరలు, బీరువాలు, బోరు మోటారు, ఇన్వర్టర్, కిటికీలకూ బాల్కనీకీ కోతుల జాలీ. హనుమకొండలో ఉండేవారికి కోతుల సంగతి నేను చెప్పనక్కర్లేదు. వాస్తు చూసిన పెద్దమనిషి ఈశాన్యంలో ఏదో తప్పుందంటే ఒక గోడ కొట్టి మళ్లీ కట్టడం. చివరికి గృహప్రవేశం. రెండు వైపుల చుట్టాలకు బట్టలు, భోజనాలు అన్నీ కలిపితే లక్షల్లోనే తేలుతుంది. ఈ కొరత దగ్గరే చాలామంది తెలిసిన వారి దగ్గర రెండు రూపాయల వడ్డీకి చేయి చాస్తారు. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. 3 లక్షలు తెస్తే నెలకు 6 వేలు వడ్డీయే, అసలు అలాగే ఉంటుంది. 8 శాతం వడ్డీకి బ్యాంకుతో బేరమాడిన మనిషే 24 శాతం అప్పుకు మారుమాట లేకుండా నోటు రాసివ్వడం చాలాసార్లు చూశాను.

ఇక నెల లెక్క. 46 లక్షలు, 20 ఏళ్లు, 8 శాతం వడ్డీ అనుకుంటే ఈఎంఐ సుమారు 38,480 రూపాయలు. చిట్టీ 10 వేలు, అత్తగారికి 8 వేలు కలిపితే 56,500. మీ ఇద్దరి 96 వేలలో 39,500 మిగులుతాయి. రెండు జీతాలు వస్తున్నన్నాళ్లు బిగించుకుని బతకవచ్చు. మీ జీతం ఆగిన నెలలో మాత్రం 62 వేలలోంచి ఇవన్నీ పోగా మిగిలేది ఐదున్నర వేలు. పాలు, బియ్యం, పాప బడి ఫీజు, పెట్రోలు, కరెంటు బిల్లు అన్నీ అందులోనే.

మీ జీతం ఆగుతుందని అపశకునంగా అనడం లేదు. రెండో బిడ్డ ఆలోచన ఉందని మీరే రాశారు. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు చట్టప్రకారం వస్తుంది. ఆ 26 వారాల తర్వాత ఇంట్లో పసిబిడ్డ, నాలుగైదేళ్ల పాప, మీకేమో రాత్రి షిఫ్టులు. అప్పుడు ఏడాదో రెండేళ్లో మానేద్దామని మీకు అనిపించవచ్చు. అలా అనిపించినప్పుడు మానేయగలిగే వీలు ఉండాలి. ఈఎంఐ మీద ఈఎంఐ తప్పినవారి ఫైళ్లు నా బల్ల మీదకు వచ్చినప్పుడు కారణం దుబారా అయిన సందర్భాలు తక్కువ. రెండు జీతాల మీద లెక్క వేసుకున్న ఇంట్లో ఒక జీతం ఆగి ఉండేది.

వడ్డీ సంగతి కూడా చూడండి. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు ఇచ్చే చర వడ్డీ (మారుతూ ఉండే వడ్డీ) గృహరుణాలు రెపో రేటు, అంటే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ, వంటి బయటి ప్రమాణానికి ముడిపడి ఉన్నాయి. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో 4 నుంచి ఆరున్నర శాతానికి పెరిగింది. 2025లో మళ్లీ తగ్గింది కాబట్టే మీకు ఇప్పుడు రేట్లు ముచ్చటగా కనిపిస్తున్నాయి. మీ 46 లక్షల మీద వడ్డీ 8 నుంచి 10కి చేరిందనుకోండి. నెల వడ్డీ ఒక్కటే 38,333 అవుతుంది. మీరు కట్టేది 38,480. అసలులో నూట యాభై రూపాయలు కూడా తగ్గవు. ఇలాంటప్పుడు ఈఎంఐ పెంచుకోవాలా, గడువు పొడిగించుకోవాలా అన్న ఎంపిక రుణగ్రహీతకు ఇవ్వాలని 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. గడువు పొడిగింపు సుఖంగా కనిపిస్తుంది, పదవీ విరమణ దాకా వెంట వస్తుంది. పెంచి కట్టగలిగే వెసులుబాటు జీతంలో ముందే ఉంటేనే ఆ ఎంపికకు అర్థం.

అందుకని నేను చెప్పేది ఇది. ఈఎంఐ మీ వారి ఒక్క జీతంలో 40 శాతం దగ్గర ఆగాలి. 62 వేలలో 40 శాతమంటే పాతిక వేలు. 8 శాతం మీద 20 ఏళ్లకు అది 30 లక్షల రుణం. మీ పొదుపు కలుపుకుని 40 లక్షల లోపు ఇల్లు. భీమారం ఇల్లు ఇందులోకి రాదు. పాత ఫ్లాటో, హసన్‌పర్తి వైపో మడికొండ వైపో చిన్న ఇల్లో రావచ్చు. లేదంటే ఒక ఏడాది ఆగండి.

ఆగడమంటే ఊరికే కూర్చోవడం కాదు. ఇల్లు కొన్నట్టే ఏడాది పాటు బతికి చూడండి. 25 వేల ఈఎంఐకీ మీ 11 వేల అద్దెకీ తేడా 14 వేలు. మీ వారి జీతం పడిన రోజే ఆ 14 వేలు రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. అద్దె, అత్తగారి 8 వేలు కూడా ఆయన జీతంలోంచే. మిగిలిన 29 వేలతో ఇల్లు నడపండి. మీ జీతంలోంచి చిట్టీ పోగా 24 వేలు కదపకుండా పక్కన పెట్టండి. ఏడాది తిరిగేసరికి నాలుగున్నర లక్షలు పోగవుతాయి. 29 వేలతో ఇల్లు గడవలేదంటే ఆ సంగతి అప్పు నెత్తిన పడకముందే తెలుస్తుంది. ఈలోగా ధరలు పెరుగుతాయని మీ వారు అంటారు. పెరగవచ్చు. దానికి భయపడి తొందరపడిన వాళ్లే తర్వాత ఇల్లు అమ్మిపెట్టమని నా దగ్గరికి వచ్చేవారు. అవసరంలో అమ్మేవాడికి పెరిగిన ధర దక్కదు.

‘అద్దె కడితే డబ్బు గాలికి పోయినట్టే’ అని మీ చుట్టాలు అంటున్నారని రాశారు. మొదటి నెల ఈఎంఐ 38,480లో 30,667 వడ్డీ. అదీ తిరిగి రాదు. 13 వేల అద్దె వచ్చే ఇంటికి 58 లక్షలు పెడితే ఏడాదికి మూడు శాతం కూడా గిట్టదు. సొంతిల్లు కొనవద్దని నేను అనను. పాప బడి మారకుండా ఉండటం, ఇల్లు ఖాళీ చేయమనే మాట పడకపోవడం విలువైనవే. వాటి కోసం కొనండి, లాభం కోసమని చెప్పుకోకండి. పన్ను ఆదా అన్న మాటను కూడా పక్కన పెట్టండి. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా ఆదాయానికి పన్ను లేదు. మీ ఇద్దరిలో ఎవరి వార్షిక జీతమూ అంత లేదు. కట్టని పన్నులో మిగిలేదేముంది?

ఇప్పుడు పేరు విషయం. ఇక్కడ మొహమాటం పనికిరాదు. మీ జీతం చూపిస్తేనే రుణం వస్తుంది కాబట్టి బ్యాంకు మీ సంతకం తీసుకుంటుంది. సేల్ డీడ్‌లో మీ పేరు లేకుండా రుణపత్రాల్లో మాత్రమే ఉంటే అప్పుకు మీరు బాధ్యులు, ఇంటికి హక్కుదారు కారు. భార్య సంతకం బ్యాంకులో, భర్త పేరు రిజిస్ట్రేషన్‌లో ఉన్న ఫైళ్లు ఎన్నో చూశాను. అందులో దురుద్దేశం ఉండనక్కర్లేదు, ఎవరూ ఆలోచించరు అంతే. ఇద్దరి పేర్ల మీద కొనండి, వాటాలు ఎంతెంతో డీడ్‌లోనే రాయించండి. రాయకపోతే సాధారణంగా సమానమనే భావిస్తారు. నన్నడిగితే చెరి సగం రాయించుకోమంటాను. జీతాల నిష్పత్తి చూస్తే మీ వాటా మూడో వంతుకు కాస్త పైన ఉంటుంది నిజమే. పిల్లల కోసం ఉద్యోగం మానేది మీరైతే ఆ నష్టాన్ని ఏ నిష్పత్తిలో కలుపుతారు?

మీ నాన్నగారి 5 లక్షలు నగదుగా తీసుకోకండి. మీ ఖాతాలోకి బదిలీ చేయించుకుని, బహుమతిగా ఇస్తున్నట్టు ఒక కాగితం రాయించుకోండి. తండ్రి కూతురికి ఇచ్చే దానికి ఆదాయపు పన్ను లేదు. అక్కడి నుంచి ఇల్లు అమ్మేవారికి మీ ఖాతా నుంచే వెళ్లాలి.

బంగారం కదపకండి. పుట్టింటివారు, అత్తింటివారు మీకు పెట్టిన బంగారం స్త్రీధనం, అది మీ ఒక్కరిదే. దంపతుల ఉమ్మడి ఆస్తి కాదని 2024లో సుప్రీంకోర్టు కూడా మరోసారి చెప్పింది. అయితే చట్టం కంటే ఇంకో కారణం ముఖ్యం. మీ దగ్గర అత్యవసర నిధి అంటూ వేరే లేదు. ఆరు నెలల ఖర్చు బ్యాంకులో పోగయ్యేదాకా ఆ 12 తులాలే మీ నిధి. ఆసుపత్రి ఖర్చు వస్తే గంటలో కుదువ పెట్టి తెచ్చుకోగలిగేది అదొక్కటే. దాన్ని ఇంటి గోడల్లో పెట్టేస్తే తిరిగి తీసుకోలేరు.

చిట్టీ పాట పాడి తెస్తే కొరత తీరుతుందని మీ వారు అంటున్నారు. పాడిన చిట్టీ అప్పే. తగ్గింపు పోగా చేతికి వచ్చేది తక్కువ, గడువు తీరేదాకా వాయిదాలు తప్పవు. మీది రిజిస్టరైన చిట్టీయేనా అన్నది మీరు రాయలేదు. చిట్టీ ప్రారంభానికి రిజిస్ట్రార్ ఇచ్చిన ధ్రువపత్రం చూపించమని అడగండి. మన వరంగల్‌లో ఎత్తిన పాట డబ్బు నెలల తరబడి చేతికి రాక తిరిగినవారు ఎందరున్నారో మీకూ తెలుసు. ఆ డబ్బు వస్తుందన్న నమ్మకంతో రిజిస్ట్రేషన్ తేదీ పెట్టుకోకండి.

అత్తగారి 8 వేల గురించి. గొడవ ఆ 8 వేల గురించి అని నాకు అనిపించడం లేదు. అవి మీకు చెప్పకుండా వెళ్తున్నాయి, మీ తమ్ముడి ఫీజుకు మీరు ఇచ్చినవి ఆయనకు చెప్పకుండా వెళ్లాయి. రెండూ మీ ఉత్తరంలోనే ఉన్నాయి. ఒక ఉమ్మడి ఖాతా తెరవండి. జీతాల నిష్పత్తిలో ఇద్దరూ అందులో వేయండి. ఇల్లు, పాప, ఇరువైపుల పెద్దలకు పంపేవి అన్నీ అందులోంచే, ఇద్దరికీ తెలిసే పోవాలి. చెరో మూడు నాలుగు వేలు మాత్రం ఎవరి ఖాతాలో వారికి ఉండాలి, దానికి లెక్క అడగకూడదు. నర్సంపేట డబ్బు తగ్గించమని మాత్రం చెప్పను. ఆవిడకు వేరే ఆధారం లేదని మీరే రాశారు. ఈఎంఐ లెక్కలో దాన్ని కూడా కదలని ఖర్చుగానే వేసుకోండి. ‘ఇల్లు కొన్నాక తగ్గిద్దాం’ అనుకుని కొంటే, తగ్గించలేక ఇంట్లో ఇద్దరికీ మనశ్శాంతి ఉండదు.

అత్తగారి ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకొక మాట. వీలునామా లేకుండా మీ వారికి ఏమైనా జరిగితే హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన వాటా మీకు ఒక్కరికే రాదు. మీకూ, పిల్లలకూ, ఆయన తల్లికీ సమానంగా పంచుతారు. ఇద్దరు సాక్షులతో చెరో వీలునామా రాసుకోండి, రిజిస్టర్ చేయించడం తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. రుణంతో పాటు బ్యాంకు అంటగట్టే ఒకేసారి ప్రీమియం బీమాను అప్పులో కలపనివ్వకండి. దాని మీద కూడా 20 ఏళ్లు వడ్డీ కడతారు. విడిగా టర్మ్ పాలసీ తీసుకోండి, మీ వారికే కాదు, మీకూ.

భీమారం ఇల్లే కావాలని చివరికి తేల్చుకుంటే కాగితాలు ఇలా చూడండి. అక్కడి వెంచర్లలో చాలా మటుకు గ్రామ పంచాయతీ రోజుల నాటివి. లేఅవుట్‌కు కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి ఉందా, లేకపోతే ఆ ప్లాటుకు ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ) రుసుము కట్టి ఉత్తర్వు తీసుకున్నారా అన్నది మొదటి ప్రశ్న. దరఖాస్తు పెట్టిన రసీదు చూపించి అదే ఎల్ఆర్ఎస్ అంటారు, నమ్మకండి. భవన అనుమతి ప్లాను తీసుకుని టేపుతో కొలవండి. ప్లానులో ఒక అంతస్తు ఉండి కింద రెండు వాటాలు, పైన ఒక గది ఉంటే బ్యాంకు విలువ కట్టేటప్పుడు ఆ గది లెక్కలోకి రాకపోవచ్చు. ముప్ఫై ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా), లింకు దస్తావేజులు (పాత అమ్మకాల పత్రాలు), నిషేధిత జాబితాలో సర్వే నంబరు లేదన్న నిర్ధారణ, మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పిడి), ఇంటి పన్ను రసీదు. ఇవన్నీ మీరు డబ్బిచ్చి పెట్టుకున్న న్యాయవాది చూడాలి. బ్యాంకు న్యాయవాది చూసేది బ్యాంకు భద్రత కోసం.

నీళ్ల సంగతి కాగితాల్లో ఉండదు. 2020 ఆగస్టు, 2023 జులై, 2025 అక్టోబరు వానలకు హనుమకొండ, వరంగల్ కాలనీలు ఎలా మునిగాయో చూశాం. ఆ మూడు సార్లూ ఈ వీధిలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయని అమ్మేవారిని అడగకండి, ఎదురింటివారిని, మూల మీది కిరాణా కొట్టు వారిని అడగండి. దగ్గర్లో చెరువుంటే ఎఫ్‌టీఎల్ గీత (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) ఎక్కడుందో నీటిపారుదల శాఖ పటంలో చూడండి. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్ల లోపు, చిన్న చెరువుకూ కుంటకూ 9 మీటర్ల లోపు కట్టడానికి వీల్లేదు. ఏప్రిల్, మే నెలల్లో బోరులో నీళ్లుంటాయా, ట్యాంకరు పిలుస్తారా అన్నదీ వాళ్లే చెబుతారు.

అమ్మేవారు కాగితం మీద 40 లక్షలు చూపించి మిగతాది నగదుగా అడగవచ్చు. ఒప్పుకుంటే బ్యాంకు ఆ 40 మీదే లెక్క కడుతుంది, మిగతా 18 లక్షలు మీరు చేతి నుంచి తేవాలి. ఆస్తి అమ్మకంలో 20 వేలు, అంతకు మించి నగదు తీసుకుంటే తీసుకున్న వారికి అంత మొత్తమూ జరిమానా పడే నిబంధన ఉంది, ఆ మాట చెబితే చాలామంది దారికి వస్తారు. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే అమ్మేవారికి ఇచ్చే దాంట్లోంచి ఒక శాతం టీడీఎస్ (మూలంలోనే కోసే ఆదాయపు పన్ను) కోసి కట్టాల్సింది మీరే. మరచిపోతే వడ్డీ, ఆలస్య రుసుము పడేది మీకు.

కొన్న తర్వాత ఏడాదికోసారి ఒక ఈఎంఐ అదనంగా కట్టగలిగితే 20 ఏళ్ల రుణం మూడేళ్లకు పైగా ముందే తీరుతుంది. చర వడ్డీ రుణాన్ని ముందుగా తీర్చినందుకు వ్యక్తుల దగ్గర బ్యాంకు రుసుము వసూలు చేయకూడదు. స్లాబు కారడం, రంగులు, మోటారు కాలిపోవడం లాంటి వాటికి నెలకు మూడు వేలు విడిగా వేస్తూ ఉండండి. ఇంటి పన్ను ఏప్రిల్‌లోనే కడితే 5 శాతం తగ్గింపు ఇస్తారు.

ఇదంతా చదివాక కూడా ఈ ఆదివారమే బయానా ఇవ్వడానికి వెళ్తున్నారంటే, ఐదు లక్షలు అడిగినా లక్షకు మించి ఇవ్వకండి, అదీ బ్యాంకు ద్వారానే. ఒప్పందంలో రెండు వాక్యాలు రాయించండి. ఫలానా తేదీలోగా బ్యాంకు రుణం మంజూరు కాకపోతే, లేదా కాగితాల్లో లోపం తేలితే, బయానా మొత్తం 15 రోజుల్లో తిరిగి ఇస్తానని అమ్మేవారు సంతకం పెట్టాలి. పెట్టనంటే చెక్కు తీయకుండా ఇంటికి వచ్చేయండి.